దీపాలు పెట్టాక తోడు

వరిగడ్డిలోంచి స్పిరిటు తీస్తామంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు. శ్రీకాకుళం అవతల పొలాల మధ్య ఉన్న ఆ ఫ్యాక్టరీలో ఆమని పని అదే. గడ్డిని ఉడకబెట్టి ఎంజైములు కలిపితే కరిగి తియ్యనీళ్లవుతుంది. ఆ తీపి తిని ఈస్టు స్పిరిటు చేస్తుంది. చెప్పడానికి ఇంతే, చెయ్యబోతే తల ప్రాణం తోకకొస్తుంది. పిడికెడు ఈస్టుని ఒక్కసారిగా పెద్ద తొట్టిలో పోస్తే దిక్కు తోచక చస్తుంది. ముందు సీసాలో పెంచి, తర్వాత డ్రమ్ములో పెంచి, గుంపు అయ్యాకే తొట్టిలోకి దించాలి. ఈ జాగ్రత్త ఈస్టు విషయంలో అందరికీ ఉంది, ఆమని విషయంలోనే ఎవరికీ లేకపోయింది.

కడప నుంచి వచ్చి ఏడాది కావస్తోంది. "పర్మనెంటు చేస్తాం. ఉంటావా, పోతావా? రేపు చెప్పు" అన్నాడు మేనేజరు ధనరాజ్. పోతాననే చెప్పాలనుకుంది. పని కష్టమని కాదు, గదికొస్తే పలకరించే మనిషి లేదు. కొన్ని ఆదివారాలు తన గొంతు తనకే వినపడదు. అది భరించడం ఇంక ఆమె వల్ల కావడం లేదు.

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి వీధిలో దీపాలు పెట్టేశారు. పొద్దుటి పాలు అలాగే ఉంటే మళ్లీ కాచింది. రోజంతా తొట్లకి తోడు వేసే మనిషికి ఇంట్లో గిన్నెడు పాలకి తోడు లేదు. చిన్న గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లింది. అక్కడ ఈశ్వరి ఉంటుంది. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, ఆవిడా ఒక్కతే. ఇన్నాళ్లూ ఇద్దరి మధ్యా "నీళ్లొచ్చాయా" అన్న మాట తప్ప మరోటి లేదు.

"ఈశ్వరిగారూ, కొంచెం తోడు కావాలండి."

దీపాలు పెట్టాక ఆ వీధిలో పెరుగుచుక్క గడప దాటదు. అడిగేవాళ్లూ ఉండరు. హాస్టళ్లలో పెరిగిన ఆమనికి ఆ సంగతి తెలియదు. ఈశ్వరికేమో ఆ మాటకి ఇంకో అర్థమే తట్టింది. గుమ్మం చీకట్లో గిన్నె ఆవిడ కంట పడలేదు. పిల్ల మొహం కాసేపు చూసి, పొయ్యి ఆపి, దిండు చంకన పెట్టుకుని, తలుపుకి తాళం వేసింది.

"పద. ఎప్పుడడుగుతావా అని సూస్తన్నానే. నేనే వొచ్చీదాన్ని గాని, సదువుకున్న పిల్లవి, ఏటనుకుంటావోనని ఊరుకున్నాను. నాకూ ఒక్కదానికీ తోసదు."

ఆమని గిన్నెని చున్నీ కింద దాచేసింది.

పొద్దున్నే టీ పెడదామని ఈశ్వరి పాలగిన్నె మూత తీసింది. పాలు విరిగిపోయాయి.

"ఒసే, ఇన్ని పాలు పాడుసేసేవు. తోడెయ్యలేదేటే?"

"మర్చిపోయానండి."

"ఇంట్లో లేకపోతే నన్నడగొచ్చు కదా. దీపాలెట్టకముందే వొచ్చి అట్టుకెళ్లు. దీపాలెట్టేక తోడివ్వకూడదు."

రాత్రి తనడిగింది పెరుగు తోడని ఆవిడకి ఎందుకు తట్టలేదో ఆమనికి అప్పుడు అర్థమైంది. నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"ఫ్యాక్టరీ నుంచి నేనొచ్చేది దీపాలు పెట్టాకేనండి. ఇకమీదట రోజూ అప్పుడే వస్తాను, తోడుకి" అంది.