కుర్చీ చుట్టూ బతుకమ్మ

నా కూతురు వెన్నెల తెల్ల బూట్ల మీద పులిహోర పడ్డప్పుడు నేను అరిచిన అరుపు ఉప్పల్ డిపో దాకా వినబడే ఉంటుంది. ముందురోజు సాయంత్రం ఆ బూట్లకు సుద్ద పూసి, కిటికీలో ఆరబెట్టి, నా అంత తల్లి లేదని మురిసిపోయాను. మూడో తరగతి పిల్ల టిఫిన్ డబ్బా మూత సరిగ్గా బిగించలేదు, అంతే.

"నీ స్పోర్ట్స్ డేకు నేను రాను, ఫో. ఎవలనన్న పిలుసుకపో," అన్నాను.

తల్లుల కుర్చీలాటకు నా పేరు ఇచ్చిందే అది. పోయినేడు నాకు సెలవు దొరకలేదు. ఈసారి మా అమ్మ వస్తది, వస్తే గెలుస్తది అని క్లాసంతా చాటింపు వేసింది. ఇప్పుడు పసుపు మరకల బూట్లు వేసుకుని, వాళ్ల నాన్న బండెక్కి, వెనక్కి చూడకుండా పోయింది. ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు.

నాచారంలో మందుల కంపెనీ ప్యాకింగ్ హాల్లో నిలబడి మాత్రల పట్టీలు డబ్బాల్లో పెడుతున్నాను. మాస్కు వెనక నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఆ పనిలో నేను ఆరితేరాను. సూపర్‌వైజర్ కూడా నన్ను అలా తిట్టడు. నువ్వొక తల్లివా, పులిహోర మరక ఉతికితే పోతుంది, నీ నోటి మరక ఎట్లా పోతుంది అని మొదలుపెడితే ఆపేవాళ్లు లేరు.

పక్కన నిలబడే సారలమ్మ నా చేతిలోంచి డబ్బా లాక్కుంది. "ఏందే సంతోషీ, పట్టీలు ఉల్టా పెడుతున్నవ్?"

పొద్దున వెన్నెల మీద అరిచిన సంగతి చెప్పాను. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

"మొన్న నేను మా పోరని మీద ఒర్రి ఏడిస్తే నువ్వేమన్నవ్? అలసిపోయినవక్కా, రాక్షసివేం గాదు అన్నవా లేదా? గదే మాట జర నీకు నువ్వు చెప్పుకుంటే ఏం పోతది?" అంది. "సార్‌తోని నేను మాట్లాడుత. నీ లైన్ నేను చూసుకుంట. నువ్వు ఉరుకు."

ఉరికాను. షేర్ ఆటో హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. దిగి పరుగెత్తుదామా అనుకుంటూ ముందు రాడ్డును ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, డ్రైవర్ వెనక్కి తిరిగి, "అక్కా, అది స్టీరింగ్ గాదు," అన్నాడు.

స్కూలు గేటు దగ్గరికి వచ్చేసరికి మైకులో పీటీ మాస్టారు భూషణం సార్ గొంతు. "థర్డ్ క్లాస్ వెన్నెల వాళ్ల మమ్మీ. ఉన్నరా? లేకుంటే పేరు కొట్టేస్తున్న."

"ఉన్న సార్! కొట్టెయ్యకుండ్రి!" గేటు బయటి నుంచే కేకేశాను. గ్రౌండంతా తిరిగి చూసింది. గ్రౌండు చుట్టూ కట్టిన తాడు పక్కన నిలబడ్డ వెన్నెల కూడా చూసింది. నా బ్యాగు దాని మెడలో వేసి గుండ్రంగా వేసిన కుర్చీల దగ్గరికి పోయాను. మాట్లాడే టైము లేదు.

సినిమా పాట మొదలైంది. పొద్దున షిఫ్టుకు నాచారం బస్సులో సీటు పట్టే ఆడదానికి ఈ ఆట కొత్తగా నేర్పాలా? పాట ఆగడమే తడవు, మోచేయి అడ్డంపెట్టి కూర్చున్నాను. ఒకరి తర్వాత ఒకరు పోతున్నారు. కాళ్లు కుర్చీల చుట్టూ తిరుగుతున్నాయి, బుర్రలో మాత్రం నా పొద్దున్నటి అరుపే తిరుగుతోంది. గెలిస్తే ఆ అరుపు రద్దయిపోతుందని నా లెక్క. అందుకే కసిగా ఆడాను. గెలవాలి, అంతే.

చివరికి ఒక్క కుర్చీ, ఇద్దరం. రెండో ఆవిడ సత్యవేణి, భీమవరం వైపు మనిషి, బ్యాంకులో పని. వాళ్ల బాబు వెన్నెల క్లాసే. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఆయాసపడుతోంది.

"మీరు భలే స్పీడండీ. నాకు ఓపిక లేదు. పొద్దున్నే మావాడి మీద అరిచి అరిచి, ఉన్న ఓపికంతా అక్కడే అయిపోయింది," అంది.

"మీరు కూడనా మేడం?"

"రోజూనండీ."

నాకు నవ్వు ఆగలేదు. ఈ గ్రౌండులో ఉన్న తల్లులందరినీ నిలదీస్తే ఎన్ని పులిహోర డబ్బాలు బయటపడతాయో అనిపించింది.

సినిమా సీడీ గీతపడి ఒకే ముక్క దగ్గర ఎక్కిళ్లు పెట్టింది. భూషణం సార్ అది తీసేసి చేతికందిన ఇంకో సీడీ పెట్టాడు. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. ఏ ఇంట్లో, ఏ స్కూల్లో చూసినా ఆ పాటల సీడీలే. బాక్సుల్లోంచి ఒక్కసారిగా బతుకమ్మ పాట వచ్చింది.

పండుగ ఎప్పుడో అయిపోయింది. నా చేతులకు ఆ సంగతి తెలియదు. చప్పట్లు వాటంతట అవే పడ్డాయి. ఒక అడుగు ముందుకు, వంగి ఒక చప్పట, లేచి ఒక చప్పట. మట్టి వెచ్చగా ఉంది. గాలిలో ఎక్కడో పల్లీలు వేగుతున్న వాసన. పొద్దున్నుంచి బుర్రలో మోగుతున్న అరుపు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. తాడు పక్కన రెండు బూట్లు ఎగురుతున్నాయి, పసుపు మరకలతో సహా. అవి నా బిడ్డ కాళ్లు. ఎంత చక్కగా ఎగురుతున్నాయో అని చూస్తూ తిరిగాను.

పాట ఆగింది. సత్యవేణి గభాల్న కూర్చుంది. నేను మాత్రం వంగి చప్పట్లు కొడుతూ ఇంకో అడుగు వేశాను.

గ్రౌండంతా ఒకటే నవ్వు. అంతకుముందు ఓడిపోయిన తల్లుల్లో ఒకామె, "సార్, పాట ఆపకుండ్రి," అంది. పాట మళ్లీ మొదలైంది. ఆమె వచ్చి నా వెనక అడుగు కలిపింది, తర్వాత ఇంకొకామె, తర్వాత అందరూ. సత్యవేణి మధ్యలో కుర్చీ మీద కూర్చుని ఉంది. మేమంతా ఆమె చుట్టూ. "నన్నే బతుకమ్మను చేశారేంటండీ," అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

వెన్నెల తాడు కిందనుంచి దూరి వచ్చి నా ముందు నిలబడింది. అలసిపోయి అక్కడే మట్టిలో చతికిలబడ్డాను. పొద్దున లేచినప్పటి నుంచి నిదానంగా కూర్చోవడం అదే మొదలు. అది వచ్చి నా ఒళ్లో కూర్చుంది.

"ఓడిపోయినవ్," అంది.

"ఓడిన."

"రానన్నవ్ గదా?"

"అన్న. వచ్చిన."

కాసేపు నా బ్యాగు జిప్పు లాగుతూ కూర్చుంది. "పొద్దున మస్తు ఒర్రినవ్."

"ఒర్రిన బిడ్డా. తప్పే. రేపు మల్ల ఒర్రుత కావచ్చు. అయినా నేను మంచి అమ్మనే." ఈ మాట నా నోట నాకోసం రావడం అదే మొదటిసారి.

వెన్నెల చాలాసేపు ఆలోచించింది. లెక్కల పరీక్షలో కూడా అంత ఆలోచించదు.

"మంచి అమ్మవే," అంది. "జర ఒర్రే మంచి అమ్మవ్."

తర్వాత లేచి, నా చెయ్యి పట్టి లాగింది. "లే. పాట అయిపోతది."