గంప నడుమ చెయ్యి

రేషన్ షాపు ముందు డీలరు సారమ్మ తెల్లకార్డు మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీస్తుంటే నేను చూస్తూ నిలబడ్డాను. ఆపమనడానికి నాకు ముఖం చెల్లలేదు. ఆ గీతకు ఆధారమైన లెక్క రాసింది నేనే. చదువుకున్నవాడి పెన్ను ఎంత పాడుపని చేయగలదో మీకు తెలియాలనే ఇది చెబుతున్నాను.

రెండు వేల ఏడో సంవత్సరం. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా రోడ్డుకు రెండు వైపులా ప్రహరీలు లేస్తున్న కాలం. హైటెక్ సిటీలో కుర్చీ దొరికినవాడల్లా ఇక్కడ ఫామ్‌హౌస్ కొంటున్నాడు. మా ఊళ్లో మూడు వందల పదకొండు ఇళ్లు. బడిపంతుల్ని కాబట్టి సర్వే డ్యూటీ నాకే పడింది. ఇంటింటికీ తిరిగి ఏడాది రాబడి రాశాను. భూములమ్మిన తొమ్మిది ఇళ్ల దగ్గర, అమ్మిన సొమ్మునంతా ఆ ఏటి రాబడిగానే రాశాను. కాగితంలో గడి ఉంది, నింపాను. అన్నీ కూడి ఇళ్ల లెక్కతో భాగిస్తే ఇంటికి రెండు లక్షల పైచిలుకు తేలింది. ఊరు కలిగినోళ్లదైపోయిందని మండలాఫీసు రాసేసుకుంది. రెండు వందల ఎనభై కార్డులు పోయాయి.

సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా కూడింది. ఆరెకరాలు అమ్మి కారు కొన్న రామేశ్వర్ అందరికన్నా ముందు లేచాడు.

"ఊరు బాగుపడ్డదంటే ఏడుస్తరేంది? భూమి రేటు పెరిగింది, ఊరికి పేరొచ్చింది. సర్కారు లెక్క తప్పుతదా?"

సారమ్మ గులాబీ తోటలో పూలు తెంపే కూలి. ముళ్లు గీరిన చేత్తో కార్డు పైకెత్తింది.

"నీ పైసలు నీ కారుల పెట్టుకున్నవ్ పటేలా. నా కార్డు మీదికి ఎట్లొచ్చినయ్?"

నేను లేచి తప్పు నాదని ఒప్పుకున్నాను. పదిమంది తిట్టారు. తినాల్సిన తిట్లే.

"మరి నిజమెట్ల తెలుస్తది సారూ?" అన్నాడు టమాట పండించే వెంకటయ్య. జవాబూ ఆయనే చెప్పాడు. "మేం గంపల పైవరుస నిగనిగలాడేటియి పేరుస్తం. శంకర్‌పల్లిల బేరగాడు పైన చూడనే చూడడు. నడుమల చెయ్యి పెట్టి తీస్తడు. ఊరిని గూడ గట్లనే చూడాలె."

మర్నాడు మండలాఫీసు ముందు ఇంటికొకరు చొప్పున వరుస కట్టాం, తక్కువ రాబడి నుంచి ఎక్కువకు. అనుకున్నంత సులువు కాలేదు. ఎంత పేదవాళ్లమో పదిమందిలో చూపించుకోవడం ఎవరికిష్టం? "నేను నీ కింద నిలబడాల్నా?" అని బాలప్ప, వసంతమ్మ కసురుకున్నారు. అప్పుడు ఒంటరి ముసలమ్మ రుక్మిణమ్మ, ఎవరూ అడక్కముందే నడుచుకుంటూ పోయి చిట్టచివర నిలబడింది.

"నా కింద ఎవ్వరు లేరు. సిగ్గు మనకెందుకు బిడ్డా, గీత గీసినోళ్లకుండాలె."

ఆ తర్వాత ఎవరూ పోట్లాడలేదు. భూములమ్మి, ఇప్పుడు రాని తొమ్మిది ఇళ్లకు బదులు పై కొసన తొమ్మిది రాళ్లు పెట్టాం. నెల జీతం వాణ్ని కాబట్టి నా చోటు ఆ రాళ్ల పక్కనే పడింది.

రెండు కొసల నుంచి ఒక్కొక్కరినే లెక్కపెట్టుకుంటూ వస్తే నూట యాభై ఆరో మనిషి దగ్గర ఆగాం. సారమ్మ. ఏడాదికి ఇరవై నాలుగు వేలు. పదేళ్ల కిందటి సర్వే పుస్తకాన్ని కూడా రాత్రే ఇట్లాగే పేర్చి చూశాను. అప్పటి నడుమ ఇంటి రాబడి పదిహేను వేలని గట్టిగా చదివాను.

మెట్ల మీద నుంచి వింటున్న తహసీల్దారు నవ్వాడు. "పెరిగింది కదా."

"పైసలు పెరిగినయ్ సారూ," అంది సారమ్మ. "అప్పుడు రోజు కూలికి నాలుగు కిలోల బియ్యం కొన్న. ఇప్పుడు మూడే వస్తున్నయ్. గిప్పుడు కార్డు గూడ గుంజుకుంటిరి. మరి ఎవలు బాగుపడ్డరు?"

ఆయన లోపలికి వెళ్లి ఫోన్ చేశాడు. అరగంటలో పోలీసు జీపు వచ్చింది. లీడరెవరని ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"లీడర్ ఎవ్వరు లేరు. నేను నడుమ దాన్ని," అంది సారమ్మ.

ఆమెను రెక్క పట్టి జీపెక్కించారు. ఆ చోటు ఎంతోసేపు ఖాళీగా లేదు. బాలప్ప ఒక అడుగు జరిగి అక్కడ నిలబడ్డాడు.

"నీదెంత?" నేను రాళ్ల పక్క నుంచి గట్టిగా అడిగాను.

"ఇరవై నాలుగు వేలు."

అతన్నీ ఎక్కించారు. వసంతమ్మ జరిగింది.

"ఇరవై మూడున్నర."

ఆమెనూ ఎక్కించారు. వరుస లోపలికి జరుగుతూనే ఉంది. ఆ రోజుతో నా ఉద్యోగం పోతుందని తెలుసు. భయపడుతూనే అడిగాను, ఒక్కొక్కరినీ అడిగాను.

జీపు నిండింది. ఎనిమిది మంది పోయారు, నడుమ లెక్క వెయ్యి రూపాయలు కూడా కదల్లేదు. ఇన్‌స్పెక్టర్ తలుపు వేస్తుంటే చిట్టచివర నుంచి రుక్మిణమ్మ పిలిచింది.

"పెద్ద బండి తెచ్చుకో బిడ్డా. నా దాంక రావాలంటే చానమందిని ఎక్కియ్యాలె."