చిత్తుప్రతి

"ఇదిగో, ఈ పాలు కాస్త నోట్లో వేసుకుని చూడు, విరిగాయేమో," అంటూ భర్త గ్లాసు ముందుకు చాపాడు. ఆమె చేతిలోని చాకు పక్కన పెట్టి ఒక గుక్క తాగింది. నాలుక మీద పులుపు తగిలింది. "విరిగాయి," అంది. "ఛీ!" అంటూ ఆయన గ్లాసు సింకులో వంపేశాడు. తాగింది ఆమె, ఛీ అన్నది ఆయన.

ఆ ఇంట్లో ఇది కొత్తేమీ కాదు. స్నానాల గదిలో నీళ్లు కాలుతున్నాయో లేదో చేయి పెట్టి చూసేది ఆమే. పాత కుర్చీ కొనుక్కొస్తే, కాలు ఊగుతుందేమోనని ముందు కూర్చునేదీ ఆమే. పిల్ల చిన్నప్పుడు మందు చేదుగా ఉంటుందేమోనని, "ముందు అమ్మ తాగుతుంది చూడు," అని ఒక చెంచా ఆమె నోట్లో పోసి గానీ పిల్ల నోట్లో పోసేవారు కాదు. ఆ లెక్కన పిల్లకు వచ్చిన జ్వరాలన్నింటికీ ఆమె కూడా మందు తాగింది. అత్తగారైతే కంటి చుక్కల సీసా తెచ్చి, "మండుతాయేమో అమ్మాయ్, ముందు నువ్వో చుక్క వేసుకో," అనేది. ఆమె వేసుకునేది కూడా. మండితే మండిందని చెప్పేది. ఇంటికొకరు ఉండాలిగా అనుకునేది. ఇరవై మూడేళ్లు అనుకుంటూనే ఉంది.

అందుకే ఆర్నెల్ల కిందట కూతురు కంప్యూటర్ ముందు కూర్చుని, "అమ్మా, ఈ యూనివర్సిటీ ఫారాలు చూస్తే భయమేస్తోంది. ఒక గడి తప్పు నింపితే మళ్లీ వెనక్కి పోనివ్వదట. ముందు నీ పేరుతో ఒకటి నింపి చూద్దామా? ఎక్కడ ఏం అడుగుతాడో తెలుస్తుంది," అన్నప్పుడు ఆమెకు వింతగా అనిపించలేదు. దరఖాస్తుకు రుసుము లేని చోటు కావాలి కాబట్టి, తల్లీకూతుళ్లు ఎప్పుడూ పేరు వినని, రైల్లో పది గంటల దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీలో రెండేళ్ల పరిశోధన కోర్సును వెతికి పట్టారు. పేరు, పుట్టిన తేదీ, డిగ్రీలో మార్కులు. మార్కులు చూసి కూతురు, "అబ్బో! ఇన్నా! నాకెప్పుడూ చెప్పలేదేంటి?" అంది. "నువ్వెప్పుడు అడిగావు?" అని ఆమె నవ్వింది. చివర పెద్ద గడి ఒకటి వచ్చింది: మీరు ఈ పరిశోధన ఎందుకు చేయాలనుకుంటున్నారు?

"ఏదో ఒకటి రాసెయ్యమ్మా, ఎన్ని మాటలు పడతాయో చూడాలి," అని, స్నేహితురాలు పిలిస్తే కూతురు బయటికి వెళ్లిపోయింది.

ఆమె ఏదో ఒకటి రాయడం మొదలుపెట్టింది.

పద్దెనిమిదేళ్లుగా తాను పనిచేస్తున్న రోగనిర్ధారణ లాబు గురించి రాసింది. రోజుకు అరవై గాజు పలకలు మైక్రోస్కోపు కింద పెట్టి, రంగు పట్టిన కణాల మధ్య జబ్బు కణాల కోసం వెతకడం ఆమె పని. అనుమానం కలిగిన కణం పక్కన నల్ల సిరాతో చిన్న చుక్క పెడుతుంది. డాక్టరుగారు వచ్చి, ఆమె చుక్క పెట్టిన చోటు మాత్రమే చూసి, రిపోర్టు మీద సంతకం చేస్తారు. "నీ చుక్కలే నా కళ్లద్దాలమ్మా," అంటారు. మెచ్చుకోలే, కాదనలేం. కానీ ఆమె చుక్క పెట్టినా ఆయన ఫరవాలేదని తోసేసినవి కొన్ని ఉంటాయి. వాటిని ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకుంది. ఏ రోజు, ఎలాంటి కణం, తర్వాత ఆ మనిషి మళ్లీ వచ్చినప్పుడు ఏం తేలింది. కొన్నిసార్లు ఆయనది ఒప్పు, కొన్నిసార్లు తనది. తనది ఒప్పయిన రోజున సంతోషం వేసేది కాదు. ఎందుకంటే ఎవరో ఒకావిడ జబ్బు ఆలస్యంగా బయటపడిందని దానర్థం. ఆ తేడాలు వచ్చేది ఎక్కువగా ఒకే రకం కణాల దగ్గరని, ఎందుకో తెలుసుకోవాలని ఉందని రాసింది. ఆ మాట అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరైనా అడగాలిగా. రాస్తూ రాస్తూ పొయ్యి మీద కూర మాడిపోయిన సంగతి కూడా గమనించలేదు.

ఆఖరున 'పంపు' అనే బొత్తాం వచ్చింది. ఆమె నొక్కింది. పొరపాటునో, కావాలనో ఆమెకే తెలియదు.

సిఫారసు ఉత్తరం కావాలని ఆ యూనివర్సిటీ నుంచి లాబుకు కబురొస్తే డాక్టరుగారు ఎప్పటిలాగే, "నువ్వే రాసిపెట్టమ్మా, సంతకం చేస్తాను," అన్నారు. తన గురించి తాను మంచి మాటలు రాయాల్సి వచ్చేసరికి ఆమెకు పెన్ను కదల్లేదు. వేళకు వస్తుంది, శ్రద్ధగా చేస్తుంది, సెలవులు పెట్టదు అని మూడు ముక్కలు రాసింది. ఆయన చదివి, కళ్లద్దాల పైనుంచి ఆమె వైపు ఒక్క క్షణం చూసి, కింద స్వహస్తాలతో నాలుగో వాక్యం చేర్చారు: ఈవిడ వెళ్లిపోతే నా లాబులో సగం చూపు పోతుంది.

జవాబులన్నీ ఒకే వారంలో వచ్చాయి. కూతురికి రెండు. ఒకటి నలుగురూ పేరు చెప్పుకునే పెద్ద యూనివర్సిటీ. సీటు ఇచ్చారు గానీ పైసా సాయం లేదు. రెండోది ఊరికి ఆ చివరనున్న చిన్నది, సగం ఫీజు మాఫీ. ఇంట్లో ఈ రెండింటి గురించే మాట. తనకు వచ్చిన మూడో ఉత్తరాన్ని ఆమె లాబులో, చేతులు కడుక్కునే గదిలో తలుపు గడియ పెట్టుకుని చదువుకుంది. ఫీజు లేదు. రెండేళ్ల పాటు నెలనెలా స్టయిపెండు. వేరే ఉద్యోగం చేయకూడదు. ఈ నెలాఖరులోగా జవాబివ్వాలి. కింద ఒక ప్రొఫెసరు విడిగా ఒక వాక్యం రాసింది: వచ్చేటప్పుడు మీ నోటుపుస్తకం మరిచిపోకండి.

తొమ్మిది రోజులు ఆమె ఎవరికీ చెప్పలేదు. ఏడాది తర్వాత చేరవచ్చా అని మాత్రం ఆ ప్రొఫెసరుకు రాసింది. ఈ డబ్బు ఈ ఏడు మొదలయ్యే పరిశోధనకు మాత్రమే వచ్చిందని, వచ్చే ఏడు ఉంటుందని చెప్పలేనని ఆవిడ చాలా మర్యాదగా జవాబిచ్చింది.

"పేరున్న చోటు పేరున్న చోటే," అని ఆయన తేల్చేశాడు. "అప్పంటావా, చదువుకున్న పిల్ల, అదే తీర్చుకుంటుంది." అప్పుకు జామీను కావాలి. ఆయన పేరు పనికిరాదు. ఎప్పుడో కొన్న వ్యానుకు వాయిదాలు కట్టకుండా వదిలేసినందుకు ఏ బ్యాంకూ ఆయన్ను గడప తొక్కనివ్వదు. ఇప్పుడు అన్నగారి కొట్లో కూర్చుంటున్నాడు, అన్నగారు ఇచ్చినంత పుచ్చుకుంటున్నాడు. జీతం కాగితం ఉన్నది ఆమెకొక్కదానికే. పద్దెనిమిదేళ్లుగా 'దాని కాలక్షేపానికి' అని ఆయన చుట్టాలకు చెప్పుకున్న ఉద్యోగం రాత్రికి రాత్రి గట్టి ఉద్యోగమైంది.

బ్యాంకులో అధికారి కాగితాలు తిరగేస్తూ, "పన్నెండేళ్ల వాయిదాలండీ. అన్నాళ్లూ జామీనుదారు ఉద్యోగంలో ఉండాలి. ఈలోగా మానేస్తే మాత్రం చిక్కే," అన్నాడు.

"భలేవారే! ఆవిడెక్కడికి పోతుందండీ?" అన్నాడు ఆయన.

అధికారి నవ్వాడు. ఆయన నవ్వాడు. కూతురు ఫోన్లోంచి తలెత్తకుండానే చిన్నగా నవ్వింది. ఆ మూడో నవ్వు దగ్గర ఆమె పెన్ను మూత పెట్టేసింది. "ఇంటికి తీసుకెళ్లి చదివి సంతకం పెడతాను," అంది.

"అందులో చదవడానికేముంది?" అన్నాడు ఆయన, దారి పొడుగునా.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పింది. తనకూ సీటొచ్చిందనీ, డబ్బులు కూడా వాళ్లే ఇస్తామన్నారనీ, ఉద్యోగం మానేసి రెండేళ్లు అక్కడే ఉండాలనీ.

ముందు ఆయనే నవ్వాడు. "ఓసి నీ! అది పిల్ల కోసం వేసిన చిత్తు కదే!"

"అవును, చిత్తే. వాళ్లు అదే అసలైనదనుకున్నారు."

"ఈ వయసులో బ్యాగు తగిలించుకుని క్లాసుకెళ్తావా? పిల్లలు నిన్ను ఆయమ్మ అనుకుంటారు."

"అనుకోనివ్వండి. లాబులో కూడా కొత్తగా వచ్చినవాళ్లు అలాగే అనుకుంటారు."

అత్తగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "తల్లి చదువూ పిల్ల చదువూ ఒక్క పొయ్యి మీద ఉడుకుతాయా అమ్మాయ్? ఒకటి దించితే గదా ఇంకోటి ఎక్కేది," అంది. ఆవిడ మాటలో వెటకారం లేదు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది. ఏ కుండ దించాలో ఎవరూ అడగనవసరం లేదన్నంత సహజంగా అంది.

ఆమె కూతురి వైపే చూస్తోంది. కూతురు తినడం మానేసి, కంచంలో వేలితో గీతలు గీస్తోంది. కోపంగా ఉంటుందనుకుంది, ఏడుస్తుందనుకుంది. పిల్ల తలెత్తి, నిజంగానే అర్థంకానట్టు అడిగింది:

"నాకివ్వని డబ్బులు నీకెందుకిచ్చారమ్మా?"

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబుంది. పద్దెనిమిదేళ్ల జవాబు. కానీ ఇరవై రెండేళ్ల పిల్ల ముఖం అలా చిన్నబోయి ఉంటే ఏ తల్లి చెబుతుంది? నేను నీకంటే బాగా రాశానని, నువ్వు ఏదో ఒకటి రాయమంటే నాకు ఏదో ఒకటి రాయడం చేతకాలేదని ఎలా చెప్పడం? తన గెలుపు మొట్టమొదట తగిలింది కన్నకూతురికే. గెలిచిన సంతోషం ఇన్నాళ్లూ దాచుకుని దాచుకుని, తీరా బయట పెట్టేసరికి దాని రుచే మారిపోయింది.

"అదృష్టమేలే," అంది. అనగానే తన మీద తనకే అసహ్యం వేసింది. అబద్ధం పూర్తిగా నోరు దాటకముందే వెనక్కి లాక్కుంది. "కాదు. అదృష్టం కాదు. నాకు తెలిసిన పని గురించి రాశాను. వాళ్లకు కావాల్సింది అదే అయింది."

ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

"నేను లెక్క చూశాను చిట్టీ," అంది, కూతురి దగ్గరగా కుర్చీ జరుపుకుని. "నేను ఉద్యోగం మానేస్తే ఇన్నేళ్లదీ కలిపి కొంత చేతికొస్తుంది. నీ రెండో చోట మిగతా సగం ఫీజుకు అది సరిపోతుంది. అప్పన్నదే ఉండదు. రోజూ ఇంటినుంచే వెళ్లొచ్చు. ఈ అప్పు తీరేసరికి నీకు ముప్ఫై ఆరేళ్లొస్తాయి, తెలుసా? నచ్చని ఉద్యోగం మానేయాలన్నా మానేయలేవు."

"అంటే నీ కోసం నేను చిన్న దాంట్లో చేరాలన్నమాట."

"నా కోసం కాదు అని చెప్పను. నా కోసం కూడా."

కూతురు లేచి వెళ్లిపోయింది. తినని కంచం అలాగే ఉండిపోయింది. "చూశావా, పిల్ల కడుపు మాడ్చావు," అంటూ ఆయన చేయి కడుక్కోవడానికి లేచాడు. ఆయన కడుపు నిండింది.

మిగిలిన ఆదివారమంతా ఆమె ఇల్లు సర్దుతూనే ఉంది. సర్దాల్సినవి లేకపోయినా సర్దింది. ప్రతి పని దగ్గరా ఒక మాట ఎదురొచ్చింది. పెళ్లయిన కొత్తలో పైచదువుకు వెళ్తానంటే ఆయనన్న 'ముందు నేను స్థిరపడనీ' దగ్గర్నుంచి, పిల్ల పుట్టాక అత్తగారన్న 'ముందు అది నడవనీ' దాకా. ఎవరూ ఎప్పుడూ వద్దనలేదు. ఆ మాటకొస్తే ఆ ఇంట్లో ఆమెను కాదన్నవాళ్లే లేరు, ముందు అన్నవాళ్లు తప్ప. తన తల్లి గుర్తొచ్చింది. తన కాలేజీ ఫీజు కోసం తల్లి కుట్టు మిషను అమ్మేసింది. మళ్లీ కొనుక్కోలేదు. "నీ చదువు కంటేనా," అనేది. ఆ మాటను ఎంతో గొప్పగా నలుగురికీ చెప్పుకుంది కానీ, కుట్టడమంటే అమ్మకు ఎంత ఇష్టమో, మిషను పోయాక ఆ మధ్యాహ్నాలు ఏం చేసేదో తాను ఒక్కసారైనా అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా అమ్మ లేదు.

తెల్లవారి ఆమె లాబుకు బయల్దేరబోతుంటే కూతురు వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. బ్యాంకు కాగితాలు బల్ల మీదే ఉన్నాయి, తెచ్చి పెట్టినట్టే, సంతకం గడి ఖాళీగా. పిల్ల వాటినీ తల్లినీ మార్చి మార్చి చూసింది. దగ్గరికి తీసుకుందామని ఆమె చేయి చాపితే ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ ఒక్క అడుగు ఎన్నేళ్లకు పూడుతుందో ఆమెకు తెలియదు. పూడకపోవచ్చు కూడా.

"నీ జాగాలో నేనుంటే," అంది కూతురు, ఒక్కో మాటా కూడదీసుకుని, "నా కూతురి కోసం కళ్లు మూసుకుని సంతకం పెట్టేదాన్నమ్మా."

"పెడతావు. నాకు తెలుసు," అంది ఆమె. "అందుకే నేను పెట్టడం లేదు."