గొట్టంలో మిగిలిన మాట

తుపాకుల మేస్త్రి పొద్దున్నే కొట్టు తీసి, బల్ల తుడిచి, పాత దుప్పటి చింపి గుడ్డముక్కలు పేర్చుకుని, టీ తాగితే గానీ పని ముట్టడు. తుపాకి పేలేముందు దగ్గర్లో ఎవరేం మాట్లాడినా ఆ మాట గొట్టంలో మసికి అంటుకుంటుంది. ఊచకి గుడ్డ తొడిగి మసి లాగితే ఆ మాట ఒక్కసారి వినబడి మాయమైపోతుంది. వేట గురించి ఇంట్లో కోతలు కోసే పెద్దమనుషులు అందుకే తమ తుపాకుల్ని పెళ్లాలతో పంపరు.

ఆ రోజు బల్ల ముందు కూర్చున్నావిడ భర్త కాపలా ఉద్యోగి. ఏడేళ్ల కింద ఇంట్లోనే ఈ రైఫిల్ పేలి చనిపోయాడు. మీట నొక్కింది అతని తమ్ముడు. తను తూటాలుండే మ్యాగజైన్ తీసేసి నీళ్లకి వెళితే, మరిది మళ్లీ పెట్టి ఆడాడని ఆవిడ నమ్మకం. నలుగురిలో హంతకుడా అని పిలిచింది కూడా. అతను ఎదురు చెప్పలేదు. అన్న చేసిన కాపలా పనిలోనే చేరి ఇల్లు నడిపాడు. ఒక్కటే బతిమాలేవాడు, "తుపాకి మాత్రం కడిగించొద్దు వదినా" అని. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నాడు అనుకుందావిడ.

కానీ ఈమధ్య భర్త గొంతు సరిగా గుర్తు రావడం మానేసింది. ఆ భయం తట్టుకోలేకపోయింది. నిన్న మరిదితో తేల్చి చెప్పింది, "రేపు విన్నాక నువ్వుండాలో పోవాలో చెప్తా."

మేస్త్రి గొట్టం వెలుతురుకి పెట్టి మొహం చిట్లించాడు. "మూతికి గుడ్డ కుక్కారా?"

"మాట ఎగిరిపోతుందేమోనని."

"గుడ్డ కుక్కితే చెమ్మ ఆగుతుందమ్మా, మాట కాదు. లోపలంతా తుప్పు. అసలు మీ ఆయన బతికుండగా దీన్ని ఎప్పుడైనా తుడిచాడా?"

"బద్ధకం. ఆ రోజే తుడుద్దామని తీశారు."

బోల్ట్ ఊడదీసి, వెనకవైపు నుంచి నూనె పోసి నానబెట్టాడు. ఇత్తడి బ్రష్ చాలాసేపు ఆడించాడు. మొదటి గుడ్డలు ఎర్రగా వచ్చాయి, గరగర తప్ప ఏమీ లేదు. తర్వాతది నల్లగా వచ్చింది. పక్క కొట్టు టైలరు మర్యాదగా మిషను ఆపాడు.

"ఖాళీయేనా?" భర్త గొంతు. ఆవిడ కళ్లు మూసుకుంది.

"ఖాళీదే. మ్యాగజైన్ నేనే తీశాగా. నొక్కి చూసుకోండి, నేను నీళ్లు పట్టుకురావాలి." అది ఆవిడ గొంతు.

"మీ వదిన చెప్పిందంటే ఇంకేం కావాలి. మీట నొక్కరా, విప్పి తుడుద్దాం," అని భర్త నవ్వాడు.

మేస్త్రి ఊచ పక్కన పెట్టాడు. "మ్యాగజైన్ తీసినా, అప్పటికే గొట్టంలోకి ఎక్కిన తూటా ఉండిపోతుందమ్మా. చాలామంది చేసే పొరపాటే."

ఆవిడకి ఆ రోజు నీళ్ల క్యూ, తనకన్నా ముందున్నామె పచ్చ బిందె, అన్నీ గుర్తున్నాయి. వెళ్తూ వెళ్తూ తను అన్న ఈ మాట మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ గుర్తు రాలేదు. బల్లమీద తల పెట్టి ఏడ్చింది.

తలెత్తేసరికి గుమ్మంలో మరిది ఉన్నాడు. చేతిలో బట్టల సంచి.

"విన్నావా వదినా?"

"ముందే ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే నువ్వు బతికేదానివా? నన్ను తిట్టుకుంటూనైనా ఇంత అన్నం తినేదానివి."

"ఆ సంచీ ఏంటి?"

"ఇక నన్ను చూసినప్పుడల్లా నీకిదే గుర్తొస్తుంది. ఊరు దాటి ఎక్కడో పని చూసుకుంటాలే."

హంతకుడా అన్న మాట ఇప్పుడు ఎవరికి తగలాలో ఆవిడకి తెలుసు.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "కింద పాత పొరలు ఇంకా ఉన్నాయమ్మా. తుడవని తుపాకి కదా, ఆయన మాటలు చాలా ఉంటాయి. లాగమంటారా?"

"ఆగు మేస్త్రీ," అంది. లేచి వెళ్లి మరిది చేతిలో సంచి తీసుకుని బెంచి కింద పెట్టింది. తను కొంచెం పక్కకి జరిగింది.

"ఇలా కూర్చో. మీ అన్న మాట్లాడతాడట."

అతను కూర్చున్నాడు. అన్న పోయాక వదిన పక్కన కూర్చోవడం అదే మొదలు.