గేటు స్తంభం సొట్ట

"నా లైసెన్సు గడువు ఇవాళే కదా, గుర్తుందా?" అని పడుకున్న చోటు నుంచే అడిగాడు భర్త. ఆమె అప్పుడు రెండు చెంబుల నీళ్లతో గిన్నెలన్నీ కడిగే ప్రయత్నంలో ఉంది. గుర్తుందా అని అడగడమే అతని పని, గుర్తుపెట్టుకోవడం ఆమె పని.

ఇల్లు అమ్మేసి ఈ వ్యాన్‌లోకి మారి నాలుగేళ్లయింది. ఇక మనకే బాదరబందీ లేదు, హాయిగా తిరుగుదాం అన్నాడు అప్పట్లో. ఆ బాదరబందీ అంతా ఒక పచ్చ ఫైల్లో దూరి ఆమె నెత్తిన కూర్చుంది. వ్యాన్‌కీ, దాని వెనక కట్టిన మోటార్‌సైకిల్‌కీ రిజిస్ట్రేషన్లు, ఇన్సూరెన్సులు, పొగ సర్టిఫికెట్లు, ఆపైన ఇద్దరి లైసెన్సులు. దేని గడువు దానిదే. ఆ తేదీలన్నీ అలమర తలుపు లోపలివైపు అంటించుకుని, ఏ ఊళ్లో ఆగితే ఆ ఊరి ఆఫీసులో క్యూ కట్టేది ఆమె. ఆగిన చోటల్లా పదిమందిని పోగేసి, "గాలిలా తిరుగుతున్నాం సార్" అని చెప్పుకునేది అతను. గాలికి పొగ సర్టిఫికెట్ అక్కర్లేదు మరి!

ఇల్లు లేకపోయినా లైసెన్సుకి ఇంటి చిరునామా కావాలి. అందుకని కాగితాలన్నీ ఆడపడుచు ఇంటికి వస్తాయి. ఈ నెలలో ఇద్దరి గడువులూ అయిపోతున్నాయి, మేం మీ ఇంట్లోనే ఉంటున్నామని చెరో ఉత్తరం రాసి పంపమ్మా అని ఆమె అడిగింది. అన్న పేరుతో ఉత్తరం వెంటనే వచ్చింది. వదిన పేరుతో రాలేదు. ఫోన్ చేస్తే ఆడపడుచు నసగనైనా నసగలేదు.

"అన్నయ్యే వద్దన్నాడు వదినా. ఆ గేటు గుద్దింది చాలదా, నీకెందుకింకా డ్రైవింగు?"

ఆమెకి ఒళ్లు మండిపోయింది. నిరుడు ఒక పార్కింగు మైదానంలో వ్యాన్ వెనక్కి తీస్తూ గేటు స్తంభాన్ని గుద్దింది అతను. ఆమె కింద నిలబడి ఆపండి ఆపండి అని గొంతు చించుకుంటూనే ఉంది. అతని లైసెన్సు మీద అప్పటికే రెండు తప్పులున్నాయి, మూడోది పడితే రద్దే. నువ్వు నడిపావని రాసెయ్, మొగుడూ పెళ్లాల్లో ఎవరైతే ఏంటి అన్నాడు. ఇన్సూరెన్సు ఫారంలో ఆమె తన చేత్తోనే తన పేరు రాసింది. వారం తిరక్కుండానే ఆ సొట్ట చూపించి, మా ఆవిడ హస్తవాసి అంటూ జనాన్ని నవ్వించడం మొదలుపెట్టాడు. అతని నడుం పట్టేసినప్పుడు కొండదారిలో తొమ్మిది గంటలు ఏకబిగిన నడిపింది ఆమె. ఆ కథ చెప్పేటప్పుడు డ్రైవరు అతను, గుద్దిన కథలో మాత్రం ఆమె.

"నువ్వు పక్కన కూర్చుని దారి చూడు, చాలు" అంటున్నాడు ఈమధ్య. లైసెన్సు పోతే ఇక అంతే. ఎక్కడ ఆగాలో, ఎన్నాళ్లుండాలో, ఎప్పుడు కదలాలో అతను చెప్పినట్టే. వ్యాన్‌లోని సామానులో ఆమె కూడా ఒకటవుతుంది. ఆ భయంతోనే ఫైలు పట్టుకుని ఆఫీసుకి వెళ్లింది.

కిటికీ వెనకున్న గుమస్తాకి ముందు తన దరఖాస్తే ఇచ్చింది. ఇంటివాళ్ల ఉత్తరం లేకపోతే పోనీ, ఆ చిరునామాకి మీ పేరు మీద ఏ కంపెనీ నుంచైనా వచ్చిన కాగితం చూపించండి అన్నాడు. ఆమె ఫైలు తిరగేసింది. వ్యాన్ అతని పేరు, మోటార్‌సైకిల్ అతని పేరు, ఇన్సూరెన్సులు అతని పేరు. నాలుగేళ్లుగా తను నింపిన ఏ కాగితం మీదా తను లేదు. అట్టడుగున ఒక్కటి దొరికింది. స్తంభాన్ని గుద్దిన డ్రైవరుగా ఆమెకి ఇన్సూరెన్సు కంపెనీ రాసిన ఉత్తరం.

గుమస్తా దాన్ని పైనుంచి కిందదాకా చదివి, ఇకనైనా జాగ్రత్తగా నడపండమ్మా అని ముద్ర వేశాడు. ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాడతను. భర్త దరఖాస్తు సంతకంతో సహా ఫైల్లో సిద్ధంగా ఉంది. ఆమె ఫైలు మూసేసింది.

"ఇంకేమీ లేవండీ" అంది.

తిరిగొచ్చేసరికి భర్త పక్క బండి ఆయనకి సొట్ట చూపిస్తున్నాడు. అప్పుడే నవ్వులు కూడా అయిపోయినట్టున్నాయి. పనైందా అని అడిగాడు.

"నాదైంది. మీది మీరు చూసుకోండి" అని పచ్చ ఫైలు అతని చేతిలో పెట్టింది. అతను గడియారం చూసుకున్నాడు. ఆఫీసు మూసేసే వేళ దాటిపోయింది.

"ఆ గుద్దింది ఈయనేనండీ" అని పక్క బండి ఆయనకి చెప్పి, ఆమె వ్యాన్ ఎక్కింది. డ్రైవరు సీటు తన కాళ్లకి అందేలా ముందుకి జరుపుకుంది. అతను కిటికీ దగ్గరికి వచ్చి, మరి రేపు ఎలా వెళ్తాం అన్నాడు.

"నేను పొద్దున్నే బయల్దేరుతున్నాను. వస్తే పక్కన కూర్చుని దారి చూడండి, చాలు."