లైట్ తీస్కో

నా స్నేహితురాలు వర్షిణి పెళ్లికి నేనిచ్చిన మాట ఒక్కటే. వాళ్లమ్మ కమలకుమారిగారి పాత ఫిల్మ్ కెమెరాతో తలంబ్రాల ఫొటోలు తీస్తానని. ఆవిడ నిరుడు పోయారు. "హాలంతా ఫొటోగ్రాఫర్లే ఉంటారు అమృతా. కానీ అమ్మ కెమెరా కూడా నా పెళ్లి చూడాలి కదా," అంది వర్షిణి. అలా అడిగితే కాదనడానికి నాకు నోరు రాలేదు.

తీరా చూస్తే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ చచ్చిపోయి ఉంది. నేనేమో డిజిటల్ కెమెరాలో తీసి, చూసి, సరిచేసుకునే మనిషిని. ఫిల్మ్‌లో పొరపాటు జరిగితే కడిగించాక గానీ తెలియదు. మళ్లీ తీస్తాను, ఇంకోసారి పెళ్లి చేసుకోండి అనలేం కదా. చేత్తో పట్టుకునే మీటర్ ఒకటి కొందామని మిల్టన్‌లో రైలెక్కి టొరంటోలో పాత కెమెరాలమ్మే షాపుకి వెళ్లాను.

షాపతను రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకదాన్ని ఫొటో తీసే వస్తువు వైపు గురిపెట్టాలట. రెండోదాని నెత్తిన సగం కోసిన పింగ్‌పాంగ్ బంతిలాంటి తెల్లటి బుడిపె ఉంది. దాన్ని మనిషి ముఖం దగ్గర పెడితే ముఖం మీద పడే వెలుతురును కొలుస్తుందట. ఏది మంచిదని అడిగితే రెండూ మంచివే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అంత తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను నాయనా అని తెలుగులో గొణుక్కుని, నచ్చనిది వెనక్కిచ్చే ఒప్పందం మీద రెండూ తెచ్చుకున్నాను.

నాతో పాత ఆఫీసులో పనిచేసిన రంగనాథ్ ఇప్పుడు దేశానికి ఆ చివర బర్నబీలో ఉంటాడు. ఫిల్మ్ పిచ్చోడు. ఏ మీటర్ వాడాలి, ఉన్నది ఒకే రోల్, భయంగా ఉంది అని అతనికి ఇంత పొడుగు మెసేజ్ పెట్టాను. మర్నాడు జవాబొచ్చింది.

"లైట్ తీస్కో అక్కా."

ఇక్కడ నా ప్రాణం మీదికొస్తుంటే వీడికి వేళాకోళంగా ఉందని తిట్టుకుని, ఫోన్ పర్సులో పడేశాను.

పెళ్లిలో వధూవరులిద్దరూ ఎర్రంచు తెల్లబట్టలు, మధుపర్కాలు కట్టుకుని వచ్చి కూర్చున్నారు. మొదటి మీటర్‌ను వర్షిణి చీరకు గురిపెట్టాను. వెలుతురు దండిగా ఉంది, తగ్గించుకోమంది. ఆ లెక్కనే ఒక ఫొటో తీశాను. అనుమానం వచ్చి, చీర సర్దుతున్నట్టు దగ్గరికెళ్లి బుడిపె మీటర్‌ను ఆమె చెంప పక్కన పెట్టాను. వెలుతురు చాలదు, పెంచుకోమంది. రెండింటికీ పొంతనే లేదు. పంతులుగారు తలంబ్రాల పళ్లెం అందుకుంటున్నారు.

అప్పుడు తట్టింది, రంగనాథ్ మాట. లైట్ తీస్కో. బట్టను కాదు, లైట్‌ను తీసుకోమన్నాడన్నమాట. ఆ మొదటిది తెల్లచీరను చూసి వెలుతురు ఎక్కువుందని భ్రమపడింది. పాపం, ఊరికే తిట్టాను అనుకుని, బుడిపె చెప్పినట్టే పెట్టి రోల్ అయ్యేదాకా తీశాను.

కడిగించి తెచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. మొదటి ఫొటోలో ముఖాలు మసిబొగ్గు. తర్వాతవన్నీ బంగారం. వర్షిణి జుట్టులో ఇరుక్కున్న బియ్యపు గింజలతో సహా అన్నీ కనిపిస్తున్నాయి. వర్షిణి వాటిని ఒక్కొక్కటే తీసి చూసింది. "అమ్మ తీసినట్టే ఉన్నాయే," అని నా చెయ్యి పట్టుకుంది.

వెంటనే రంగనాథ్‌కి ఫోన్ చేశాను. "బతికించావురా."

"నేనేం చేసిన అక్కా?"

"లైట్ తీస్కోమన్నావుగా. బట్టను కాదు, వెలుతురును కొలవమని."



"అక్కా, పరేషాన్ కాకు అని అన్న, అంతే. నేనప్పుడు మీటింగ్‌ల ఉన్న. నీ మెసేజ్ మొత్తం చదవనే లేదు."

తిడదామని నోరు తెరిచాను గానీ నవ్వు ముందొచ్చేసింది.

గురిపెట్టే మీటర్‌ను షాపులో ఇచ్చేశాను. ఏది మంచిదో తేలిందా అనడిగాడతను. తేలిందన్నాను. ఎలా తేలిందో మాత్రం చెప్పలేదు.