లోపల ఎవరి గుర్తు

అమ్మకం కాగితాలమీద అక్క చేత సంతకం పెట్టించుకోనిదే కదలకూడదని తమ్ముడు భీష్మించుకుని వచ్చాడు. ఫ్యాన్ల ఫ్యాక్టరీలో సగం వాటా అతనిది, సగం అక్కది. కొంటామన్న పెద్ద కంపెనీవాళ్ళు రెండు షరతులు పెట్టారు. ఇకమీదట మోటారు మూత జిగురుతో అతికించెయ్యాలి, పాడైన ఫ్యాన్లు వెనక్కి తీసుకుని బాగుచేసే షెడ్డు మూసెయ్యాలి. తమ్ముడికి అందులో తప్పేమీ కనిపించలేదు. అక్కకి మాత్రం ఒళ్ళు మండింది.

మండదా మరి! ఆ షెడ్డంటే ఆవిడకి ప్రాణం. మోటారుకి రాగితీగ ఎవరు చుడితే వాళ్ళు లోపల తమ గుర్తు వెయ్యాలి. ఎన్నేళ్ళకి పాడై తిరిగొచ్చినా వాళ్ళే బాగుచెయ్యాలి. చేసిన తప్పు తన బల్లమీదికే వచ్చి కూర్చుంటే ఎవరికైనా బుర్ర దానంతటదే పనిచేస్తుంది. స్క్రూలతో వేగలేక తీగ చుట్టే ఒకావిడ "తిప్పితే ఊడొచ్చే మూత చెయ్యకూడదా!" అని విసుక్కుంది. అక్క ఆ మాట పట్టుకుని మూడేళ్ళు కుస్తీపట్టి అలాంటి మూత తయారుచేయించింది. అడ్డుపడే మూడో వాటాదారు లేడు కాబట్టి సరిపోయింది. ఉంటే మూడు నెలలకే మంగళం పాడేవాడు. అక్క మొండిమనిషే, కానీ ఆ మొండితనానికి దణ్ణం పెట్టాలి.

"సంతకం సంగతి తర్వాత. ముందు ఈ ఫ్యాను విప్పరా," అంది అక్క.

పాతికేళ్ళనాటి ఫ్యాను. ఆ ఉదయమే రిపేరుకి వచ్చింది. తమ్ముడు చొక్కా చేతులు మడిచి, చెమటలు కక్కుతూ నాలుగు స్క్రూలూ తీశాడు. మూత లోపల ఎర్రరంగుతో తన గుర్తు! నాన్న బలవంతాన బల్ల దగ్గర కూర్చోబెట్టిన ఆ ఒక్క నెలలో తను చుట్టిన మోటారది.

"చూశావా నా పనితనం! పాతికేళ్ళు తిరిగింది," అన్నాడు ఛాతీ విరుచుకుని.

"నీ మొహం. మొదటి వేసవికే మాడి తిరిగొచ్చింది. నువ్వు అప్పటికే సేల్సులోకి పారిపోయావు. తీగంతా పీకి నేనే మళ్ళీ చుట్టాను."

"మరి నీ గుర్తేదీ?"

"నీది చెరపబుద్ధి కాలేదురా."

తమ్ముడు మూత చేతిలోకి తీసుకుని ఆ ఎర్రగుర్తు వేలితో తడిమాడు. జిగురుతో అతికించి ఉంటే ఫ్యాను ఆ ఏడే చెత్తలోకి పోయేది. పాతికేళ్ళుగా అతని పేరుతో తిరుగుతున్నది అక్క చెయ్యి. ఇన్నేళ్ళూ అక్కని చాదస్తురాలనుకున్నందుకు అతనికి సిగ్గేసింది.

అంతలో ఫోను మోగింది. కొనేవాళ్ళే.

"ఏమండీ, మీ అక్కగారిని ఒప్పించారా?"

"లేదండీ," అన్నాడు తమ్ముడు. "ఆవిడే నన్ను ఒప్పించింది."